గాజు దారాన్ని లాగితే క్రిస్టల్ పడుతుందా? ఇంట్లో పాకంతో, ల్యాబ్‌లో గాజు కడ్డీతో చూసుకునే పద్ధతి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎమ్మెస్సీ చేస్తున్న మన తెలుగు పిల్లలు ప్రతి ఏడాదీ ప్రాజెక్ట్ టాపిక్ కోసం తిరుగుతూనే ఉంటారు. ఖర్చు తక్కువ ఉండాలి, సీనియర్ల రికార్డ్ చూసి కాపీ కొట్టినట్టు ఉండకూడదు, కాలేజీలో ఉన్న మఫిల్ ఫర్నేసు (ల్యాబ్‌లోని కరెంటు కొలిమి), మైక్రోస్కోపుతోనే పని అయిపోవాలి. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. ప్రశ్న చిన్నదే: గాజు ఫైబర్ (దారం) మీద బలం పడితే, అంటే లాగినా, వంచినా, మెలిపెట్టినా, వేడి చేసినప్పుడు అందులో క్రిస్టల్స్ తొందరగా వస్తాయా, ఆలస్యంగా వస్తాయా, అసలు తేడా ఏమైనా ఉంటుందా? చదవడానికి ఎంత చిన్నగా ఉందో తేల్చడానికి అంత జారుడుగా ఉంటుంది, ఎందుకంటే గాజుని మనం లాగేటప్పుడు గీతలు పడతాయి, తేమ తగులుతుంది, టెంపరేచర్ మారుతుంది, చివర్లో క్రిస్టల్ కనబడగానే అందరూ "స్ట్రెస్ వల్ల వచ్చింది" అని రాసేస్తారు.

ఈ టాపిక్ మన గంజాం జిల్లాకి దూరం అనుకోకండి. ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుక తవ్వుతున్నారు కదా, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ళ ఓస్కాం ప్లాంటు, ఆ ఇసుకలో జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలు ఉంటాయి. జిర్కాన్‌లో జిర్కోనియం, మోనజైట్‌లో లాంథనం. ఈ రెండూ పడే గాజు ఒకటుంది, పేరు జెడ్‌బ్లాన్: వంద మోల్స్‌లో జిర్కోనియం ఫ్లోరైడ్ 53, బేరియం ఫ్లోరైడ్ 20, లాంథనం ఫ్లోరైడ్ 4, అల్యూమినియం ఫ్లోరైడ్ 3, సోడియం ఫ్లోరైడ్ 20. ఇలాంటి ఫ్లోరైడ్ గాజుని 1970ల్లో ఫ్రాన్స్‌లోని రెన్ యూనివర్సిటీలో పూలాన్ సోదరులు, జాక్ లూకా కలిసి కనిపెట్టారు. సిలికా గాజు ఆపేసే పొడవైన ఇన్‌ఫ్రారెడ్ తరంగాల్ని కూడా పోనిస్తుంది. లెక్క ప్రకారం అయితే సిలికా ఫైబర్ కంటే దారిలో వెలుగు నష్టం బాగా తక్కువ రావాలి. రావడం లేదు, ఎందుకంటే దారం లాగేటప్పుడే చిన్న చిన్న క్రిస్టల్స్ పడి వెలుగుని చెదరగొడతాయి. నాసా మార్షల్ సెంటర్ వాళ్ళు 1990ల్లో కేసీ-135 విమానంలో, పైకి కిందకి దూకించి కొన్ని సెకన్లు బరువు లేకుండా చేసే పద్ధతిలో, ఈ ఫైబర్‌ని వేడి చేసి చూశారు. బరువు లేనప్పుడు క్రిస్టల్ పడలేదు, నేల మీద అదే వేడికి పడింది. 2024లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 11 కిలోమీటర్లకు పైగా లాగారు కూడా. నేల మీద ఎందుకు పడుతుందంటే, కరిగిన గాజు తన బరువుకి తానే కదులుతుంది, ఆ కదలికలో షియర్ (పొర మీద పొర జారే ఒత్తిడి) పుడుతుంది, షియర్ వల్ల చిక్కదనం పలచబడి అణువులు తేలిగ్గా తిరుగుతాయి అని ఒక వివరణ ఉంది. వాదన ఇంకా నడుస్తోంది.

ముందే చెప్తున్నా, జెడ్‌బ్లాన్ మీరు చేయొద్దు. ఫ్లోరైడ్‌ని తేమ గాలిలో వేడి చేస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, దానికి గ్లవ్ బాక్సు, ప్లాటినం క్రూసిబుల్ కావాలి, మన కాలేజీ ఫ్యూమ్ హుడ్ చాలదు. అదే ప్రశ్నని మనం పంచదారతో, తర్వాత మామూలు సోడా లైమ్ గాజుతో అడుగుతాం.

పని మొదలుపెట్టే ముందు బుర్రలో పెట్టుకోవాల్సింది

క్రిస్టల్ రావాలంటే రెండు కావాలి. ఒకటి విత్తనం, అంటే న్యూక్లియస్. రెండోది అణువులు కదలగలగడం. గాజు బాగా చల్లగా ఉంటే కదలలేవు, బాగా వేడిగా, లిక్విడస్ (క్రిస్టల్ అంతా కరిగిపోయే టెంపరేచర్) పైన ఉంటే క్రిస్టల్ నిలవదు, ఈ రెండిటి మధ్య కిటికీలోనే మొత్తం కథ. సోడా లైమ్ గాజుకి గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టి గాజు బాగా చిక్కటి ద్రవంలా మారడం మొదలయ్యే టెంపరేచర్) సుమారు 550 డిగ్రీలు, మెత్తబడేది 720, 730 దగ్గర, లిక్విడస్ 1000 దరిదాపు. జెడ్‌బ్లాన్‌కి ఆ కిటికీ ఇరుకు: ట్రాన్సిషన్ సుమారు 260, దారం లాగేది 310 దగ్గర, ఇంకో నలభై యాభై డిగ్రీలు పెరిగితే క్రిస్టల్ మొదలు.

ఇప్పుడు స్ట్రెస్ సంగతి, అంటే ఇంత వైశాల్యం మీద ఇంత అని పడే బలం. ట్రాన్సిషన్ దగ్గర గాజు చిక్కదనం 10 టు ది పవర్ 12 పాస్కల్ సెకన్లు, షియర్ మాడ్యులస్ (షియర్‌కి గాజు ఎంత బిరుసో చెప్పే అంకె) సుమారు 30 గిగాపాస్కల్స్, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 33 సెకన్లు వస్తుంది. అంటే ఆ టెంపరేచర్‌లో మీరు గాజుని వంచి పట్టుకుంటే అర నిమిషంలో అది స్ట్రెస్‌ని చాలావరకు వదిలేసుకుంటుంది. ఇంకా బాగా పైన అయితే ఆ టైం సెకన్‌లో వెయ్యో వంతు కూడా ఉండదు. కింద అయితే స్ట్రెస్ నిలుస్తుంది గానీ అణువు కదలదు, క్రిస్టల్ రాదు. అందుకే "స్ట్రెస్ కింద క్రిస్టల్ పెంచుతాం" అని సినాప్సిస్‌లో రాసేముందు ఒకసారి ఆగండి. వేడిగా ఉన్నప్పుడు స్ట్రెస్ అంటే నిజానికి ప్రవాహం, చల్లగా ఉన్నప్పుడు స్ట్రెస్ అంటే దాచిపెట్టిన శక్తి, ఇవి రెండూ వేరు వేరు ప్రయోగాలు.

ఆ దాచిపెట్టిన శక్తి ఎంతో లెక్క కట్టండి. 100 మెగాపాస్కల్స్ స్ట్రెస్, యంగ్స్ మాడ్యులస్ (లాగుడుకి గాజు ఎంత బిరుసో చెప్పే అంకె) 72 గిగాపాస్కల్స్, స్ట్రెస్ స్క్వేర్‌ని రెండింతల మాడ్యులస్‌తో భాగిస్తే క్యూబిక్ మీటర్‌కి సుమారు 70 వేల జౌల్స్. బాగా చల్లారిన సిలికేట్ గాజు క్రిస్టల్‌గా మారడానికి తోసే శక్తి కోట్ల జౌల్స్‌లో ఉంటుంది. వెయ్యో వంతు దగ్గర. దీనికి తోడు క్రిస్టల్ ఎక్కువసార్లు గాజు కంటే దట్టంగా, తక్కువ చోటులో సర్దుకుంటుంది కాబట్టి నొక్కితే కొద్దిగా సాయం, లాగితే కొద్దిగా ఎదురు, అది కూడా ఈ స్ట్రెస్‌లకి నూటికి ఒకటి రెండు వంతులే. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: మామూలు గాజు దారంలో మీకు పెద్ద తేడా కనబడితే ముందు అనుమానించాల్సింది గీతని, దుమ్ముని, తేమని, ఆ తర్వాతే స్ట్రెస్‌ని. మీ ప్రాజెక్ట్ మొత్తం ఈ విడదీయడమే.

మొదటి భాగం: పాకం

ఇది ఇంట్లోనే. పంచదార ఏదైనా పర్లేదు, ఆస్కా ఫ్యాక్టరీది దొరికితే మన జిల్లా సరుకే. 200 గ్రాముల పంచదారకి 60 మిల్లీలీటర్ల నీళ్ళు, మందంగా ఉన్న గిన్నె, 200 డిగ్రీల వరకు చూపించే థర్మామీటర్. కరిగేదాకా కలపండి, మరగడం మొదలయ్యాక గరిటె తీసేయండి. గిన్నె గోడలకి అంటుకున్న పంచదార గింజల్ని తడి బ్రష్‌తో కిందకి కడిగేయండి, అవే విత్తనాలు. 150 డిగ్రీలు రాగానే దించేయండి. పాకం చర్మానికి అంటితే నీళ్ళలా జారిపోదు, అక్కడే పట్టుకుని కాలుస్తుంది, పక్కన ఒక గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి, చిన్నపిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి.

దించిన పాకాన్ని రెండు స్టీలు పళ్ళేల్లో పోయండి. ఒకటి ముట్టుకోకుండా వదిలేయండి. రెండోది 120 దగ్గర్నుంచి చెంచాతో తిప్పుతూ చల్లార్చండి. తిప్పింది తెల్లగా గరుకు కడుతుంది, ముట్టనిది అద్దంలా ఉంటుంది. మిఠాయి కొట్లో పనికి కుదిరిన కుర్రాడికి మొదటిరోజే చెప్తారు, "కదపకురా, చక్కెర పట్టేస్తాది" అని. షియర్ న్యూక్లియేషన్‌ని పెంచుతుంది అని మనం థీసిస్‌లో రాసేది ఇదే. ఇప్పుడు ఇంకో బ్యాచ్‌లో, మరిగేటప్పుడే అర చెక్క నిమ్మరసం పిండి, అదే తిప్పుడు తిప్పండి. ఈసారి చాలా మొండికేస్తుంది, ఎందుకంటే నిమ్మ పులుపు కొంత సుక్రోజ్‌ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది, అవి క్రిస్టల్ వరసలో ఇమడవు. అంటే కాంపోజిషన్ అడ్డుగా నిలబడితే షియర్ ఒక్కటే ఏమీ పెద్దగా పీకలేదు. జెడ్‌బ్లాన్‌లో సోడియం, అల్యూమినియం, లాంథనం అన్ని రకాలు కలపడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే దారిలోది.

ఇప్పుడు దారం. ముట్టని పాకం 120, 130 మధ్య ఉన్నప్పుడు ఫోర్క్ ముంచి పైకి లాగితే తీగ వస్తుంది. రెండు గరిటెల కాడల మధ్య లాగి ఆరబెట్టండి. కొన్ని అలాగే ఉంచండి, కొన్నిటికి కింద పేపర్ క్లిప్పు వేలాడదీయండి, కొన్నిటి మీద పంచదార పొడి చల్లండి, కొన్ని దారాల్ని మెల్లగా ఎమెరీ పేపర్‌తో ఒక్కసారి రాయండి. సగం సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో, సగం బయట.

జులై, ఆగస్టుల్లో గోపాలపురం సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి బయట పెట్టినవి ఒక్క రాత్రి కూడా ఆగవు, బంకగా అయిపోయి తెల్లబడతాయి. అదే కోరాపుట్ కొండ మీద చలికాలం అయితే చాలా మెరుగ్గా నిలుస్తాయి. పొడి సుక్రోజ్ గాజు ట్రాన్సిషన్ 60 పైన ఉంటుంది, కొద్ది శాతం తేమ ఎక్కగానే అది గది టెంపరేచర్‌కి పడిపోతుంది, ఇంక అణువులు కదలడం మొదలుపెడతాయి. డబ్బాలో పెట్టిన బరువు వేలాడిన దారం మాత్రం అలాగే నిగనిగలాడుతూ ఉంటుంది. బరువు ఉంది, స్ట్రెస్ ఉంది, క్రిస్టల్ లేదు. ఇది రాసి పెట్టుకోండి, తర్వాత గాజులో ఇదే మళ్ళీ కనిపిస్తుంది.

చూడటం ఎలా అంటే, ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్ మీద తెల్ల పేజీ తెరవండి, దాన్నుంచి వచ్చే వెలుగు అప్పటికే పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో ఊగుతూ ఉంటుంది. పాత కాలిక్యులేటర్ డిస్‌ప్లే మీంచి ఊడదీసిన పోలరైజర్ ఫిల్మ్‌ని ఫోన్ కెమెరా ముందు పెట్టి, స్క్రీన్ నల్లబడేదాకా తిప్పండి, ఇప్పుడు మధ్యలో దారం పెట్టండి. క్రిస్టల్స్ చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి, దారాన్ని తిప్పుతుంటే ఒక చుక్క ఆరి ఇంకోటి వెలుగుతుంది. స్ట్రెస్ వల్ల వచ్చే వెలుగు వేరుగా ఉంటుంది, దారం పొడవునా ఒకేలా బూడిద రంగులో మెత్తగా ఉండి, తిప్పితే మొత్తం ఒకేసారి ఆరిపోతుంది. ఈ తేడా కంటికి అలవాటు అయ్యేదాకా పాకంతోనే ఆడుకోండి. ఇంకోటి, పాకాన్ని చేత్తో పదే పదే లాగి మడిస్తే వెండిలా తెల్లబడుతుంది, చాలామంది దాన్ని క్రిస్టల్ అని రాసేస్తారు, అందులో ఎక్కువ భాగం గాలి బుడగలు. పోలరైజర్ మధ్య బుడగ దానంతట అది మెరవదు.

రెండో భాగం: గాజు దారం తీయడం

సోడా లైమ్ గాజు కడ్డీ కావాలి, ల్యాబ్ సప్లయర్ దగ్గర దొరుకుతుంది. బోరోసిలికేట్ తెచ్చుకోకండి, అది ఆలస్యంగా మెత్తబడుతుంది, క్రిస్టల్ ఇవ్వడానికీ మొరాయిస్తుంది. ఏది ఏదో తెలియకపోతే రెండు ముక్కలు ఒకే బర్నర్‌లో పక్కపక్కన పెట్టండి, ముందు వంగేది, మంటని బాగా పసుపు చేసేది సోడా లైమ్. అన్ని శాంపిల్స్ ఒకే కడ్డీ నుంచి రావాలి, ఎందుకంటే కంపెనీ మారితే కాంపోజిషన్ మారుతుంది. సబ్బు నీళ్ళు, డిస్టిల్డ్ వాటర్, ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. కళ్ళద్దాలు తప్పనిసరి, చెప్పులు కాదు బూట్లు.

కడ్డీ మధ్యభాగాన్ని మంటలో తిప్పుతూ వేడి చేయండి, బాగా ఎర్రబడి మధ్యలో జారడం మొదలవ్వగానే మంటలోంచి బయటకి తీసి, ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ పక్కలకి చాపండి. మంటలో ఉండగా లాగితే తెగిపోతుంది. వేగంగా లాగితే సన్నం, మెల్లగా లాగితే లావు. మీకు రెండు రకాలు కావాలి: 100 మైక్రాన్ల దరిదాపు సన్నవి, ఒక మిల్లీమీటర్ దరిదాపు లావువి. దారం మధ్యభాగాన్ని వేలితో అస్సలు ముట్టకండి, చివర్లు పట్టుకుని, అట్టముక్కలో కిటికీలా కోసి దాని అంచులకి టేపుతో అతికించి దాచండి. రెండు దారాలు ఒకదానికొకటి రాసుకున్నా గీత పడినట్టే లెక్క.

మందం కొలవడానికి సన్నవాటికి స్క్రూ గేజ్ వాడొద్దు, నలిపేస్తుంది. ఎర్ర లేజర్ పాయింటర్ చాలు. 650 నానోమీటర్ల లేజర్‌ని దారానికి తగిలించి 2 మీటర్ల దూరంలో గోడ మీద పడే నల్ల గీతల మధ్య దూరం కొలవండి, 13 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, తరంగ దైర్ఘ్యాన్ని 2 మీటర్లతో గుణించి 13 మిల్లీమీటర్లతో భాగిస్తే 100 మైక్రాన్లు. వైవాలో ఈ ఒక్క ముక్క చెప్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొహం వెలుగుతుంది.

సన్న దారానికి లోడ్ లెక్క: 100 మైక్రాన్ల దారానికి 10 గ్రాములు వేలాడదీస్తే 12.5 మెగాపాస్కల్స్. మందం సగం అయితే స్ట్రెస్ నాలుగింతలు, కాబట్టి మందం కొలవకుండా స్ట్రెస్ రాయడం అంటే నోటికొచ్చిన అంకె రాయడమే. వంచితే ఇంకా ఎక్కువ వస్తుంది, అదే దారాన్ని 50 మిల్లీమీటర్ల రేడియస్ ఉన్న డబ్బాకి చుడితే పై అంచులో 72 మెగాపాస్కల్స్. ఇలా చుట్టిన దారాన్ని తేమ గాలిలో రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి కొన్ని తెగి ఉండొచ్చు. లాగి ఉన్న గాజు పగులు కొస దగ్గర నీటి అణువు చేరి సిలికాన్, ఆక్సిజన్ మధ్య బంధాన్ని తెంచుతుంది, దీన్ని స్టాటిక్ ఫెటీగ్ అంటారు. అది క్రిస్టల్ వల్ల కాదు, రెండూ కలపకండి.

మూడో భాగం: అసలు ప్రయోగం

ఇక్కడ ఎక్కువమంది చేసే పద్ధతి, సన్న దారానికి బరువు కట్టి ఫర్నేసులో 800కి పెట్టడం. అది ప్రయోగం కాదు. 600 దగ్గరే ఆ 12.5 మెగాపాస్కల్స్‌కి దారం గంటలోపు రెట్టింపు పొడవు సాగుతుంది, 700 దాటితే సెకన్లలో బరువు కింద పడుతుంది. అంతేకాదు, 800లో సన్న దారం తన సర్ఫేస్ టెన్షన్‌కి తానే ముడుచుకుని నిమిషాల్లో ఆకారం పోగొట్టుకుంటుంది. అందుకే లోడ్ ఒక దశలో, క్రిస్టల్ పెంచడం ఇంకో దశలో చేయాలి, దానికి లావు దారమే పనికొస్తుంది.

నేను చెప్పేది త్రీ పాయింట్ బెండింగ్. రెండు ఫైర్‌బ్రిక్ ముక్కలు 40 మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి, వాటి మీద ఒక మిల్లీమీటర్ మందం దారం 80, 90 మిల్లీమీటర్ల పొడవుది అడ్డంగా పడుకోబెట్టండి, సరిగ్గా మధ్యలో 50 గ్రాముల బరువు వేలాడదీయండి. లెక్క: బలాన్ని దూరంతో, 8తో గుణించి, పై (3.14)తో, మందం క్యూబ్‌తో భాగించాలి, సుమారు 50 మెగాపాస్కల్స్ వస్తుంది. దీని అందం ఏంటంటే ఒకే దారంలో కింద ముఖం లాగుడులో ఉంటుంది, పై ముఖం నొక్కుడులో ఉంటుంది, ఇటుకలు దాటి బయటకి వచ్చిన చివర్లకి ఏ స్ట్రెస్సూ ఉండదు. లాగుడు, నొక్కుడు, కంట్రోల్ మూడూ ఒకే గాజులో, ఒకే వేడిలో, ఒకే గాలిలో. వేరే వేరే దారాలు పోల్చితే వచ్చే గొడవ సగం ఇక్కడే తీరిపోతుంది.

బరువు కోసం ఇనుప నట్టు వాడకండి. వేడికి దాని తుప్పు పొరలు ఊడి గాజు మీద పడతాయి, పడిన ప్రతి రేణువూ ఒక విత్తనమే. చిన్న పింగాణీ క్రూసిబుల్‌లో కడిగిన ఇసుక వేసి 50 గ్రాములకి తూచి, నైక్రోమ్ తీగతో వేలాడదీయండి. తీగ తగిలిన చోటునీ, ఇటుక తగిలిన రెండు చోట్లనీ తర్వాత లెక్కలోకి తీసుకోవద్దు, అక్కడ ఎలాగూ గీత పడుతుంది.

ఫర్నేసుని నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 520కి తీసుకెళ్ళి ఒక గంట ఉంచండి, అలాగే లోడ్‌తోనే మెల్లగా చల్లారనివ్వండి. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) శాంపిల్ పక్కనే ఉండాలి, ఫర్నేసు డిస్‌ప్లే అంకె నమ్మొద్దు, మన కాలేజీల ఫర్నేసుల్లో తలుపు దగ్గరకీ వెనక గోడకీ మధ్య తేడా బాగానే ఉంటుంది. బయటకి తీసేసరికి దారం మధ్యలో మిల్లీమీటర్ దరిదాపు శాశ్వతంగా వంగి ఉంటుంది, గాజు బట్టి కొంచెం అటూ ఇటూ. ఆ వంపే మీకు గుర్తు, ఉబ్బెత్తుగా ఉన్న వైపు లాగుడు, లోపలి వైపు నొక్కుడు. దారం వంగకుండా తిన్నగా ఉందంటే మీ ఫర్నేసు 520కి చేరలేదు. మరీ వేలాడిపోయిందంటే దాటిపోయింది. ఇప్పుడు మైక్రోస్కోపులో చూడండి, క్రిస్టల్ ఉండదు. లోడ్ ఉంది, గంట సేపు ఉంది, అయినా ఏమీ లేదు. దీన్ని ఫెయిల్యూర్ అనుకుని రికార్డులోంచి తీసేయకండి, పాకం డబ్బాలో చూసింది ఇదే కదా.

రెండో దశలో లోడ్ తీసేసి అదే దారాన్ని 800లో పెట్టండి, కొన్ని అర గంట, కొన్ని గంట, కొన్ని రెండు గంటలు. అల్యూమినా బోట్‌లో (పడవలాంటి చిన్న పాత్ర) పెట్టినప్పుడు వంగిన దారాన్ని పక్కకి పడుకోబెట్టండి, అంటే లాగుడు ముఖం, నొక్కుడు ముఖం రెండూ పక్కలకి, గాలికి సమానంగా ఉండాలి. ఒక ముఖం కింద పెట్టి పడుకోబెడితే బోట్‌కి తగిలిన ముఖంలో క్రిస్టల్స్ విరగకాస్తాయి, మీరేమో లాగుడు గొప్పతనం అని రాస్తారు. ఆకారం కొంత చప్పబడుతుంది, పర్లేదు, మనకి కావాల్సింది పైపొర.

దీని పక్కనే ఇవి కూడా పెట్టాలి: లోడ్ అసలు చూడని దారాలు; దారం తీసేటప్పుడు లోపల బిగుసుకుపోయిన స్ట్రెస్ పోవడానికి 540లో అర గంట ఉంచి మెల్లగా చల్లార్చినవి; 600 నంబరు ఎమెరీతో ఒకే ఒక్క గీత గీసి లోడ్ పెట్టనివి; అలాగే గీత గీసి లోడ్ పెట్టినవి. ఒక్కో గుంపులో పదైనా ఉండాలి, లేకపోతే చివర్లో వచ్చే శాతాలకి విలువ లేదు. గుంపులు తగ్గించాల్సి వస్తే ఏది తీసేసినా గీత గుంపులు రెండూ మాత్రం తీయొద్దు.

నాలుగో భాగం: లెక్కపెట్టడం, అర్థం చెప్పడం

మైక్రోస్కోపు 100 రెట్లు చాలు, మొదట పాకానికి వాడిన ఫిల్మ్‌లే రెండు, శాంపిల్ కింద ఒకటి, పైన ఒకటి అడ్డంగా. సోడా లైమ్ గాజులో తరచు పడేది డెవిట్రైట్, సోడియం కాల్షియం సిలికేట్, సన్న సూదులు ఒక చోట నుంచి విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ఈకలా కొమ్మలు కొమ్మలుగా ఉంటే క్రిస్టోబలైట్ అయ్యే అవకాశం ఉంది, కన్ను చూసి పేరు పెట్టేయకండి, యూనివర్సిటీలో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేతో ఏ క్రిస్టలో తేల్చే మెషిన్) దొరికితే కొన్ని దారాలు పొడి చేసి ఇవ్వండి. గీత ఉన్న దారాల్లో అయితే గీత వెంబడే వరసగా సూది గుత్తులు లేచి ఉంటాయి, ఫోటో తీస్తే కింద వివరణ అక్కర్లేదు.

లెక్కపెట్టేది మీరు అయినా, శాంపిల్‌కి నంబర్ ఇచ్చేది మీ ఫ్రెండ్ అవ్వాలి. ఏది లోడ్ పెట్టిందో తెలిస్తే కన్ను దానంతట అదే ఎక్కువ చూస్తుంది. వంగిన దారాల్లో ఉబ్బు వైపు ఏదో ఎలాగూ తెలిసిపోతుంది కాబట్టి వాటిని దగ్గర నుంచి మిల్లీమీటర్ మిల్లీమీటర్‌గా ఫోటో తీసి, ఫోటోలు కలిపేసి, వేరేవాళ్ళ చేత లెక్కపెట్టించండి. మిల్లీమీటర్‌కి ఎన్ని గుత్తులు, అతి పెద్ద సూది పొడవు ఎంత, ఈ రెండూ వేరు వేరు కాలమ్స్‌లో రాయాలి. మొదటిది న్యూక్లియేషన్ గురించి చెప్తుంది, రెండోది గ్రోత్ గురించి. పొడవుని టైంతో గ్రాఫ్ గీస్తే దాదాపు తిన్నని (సరళ) గీత రావాలి.

ఇక అర్థం. గీత గీసి లోడ్ పెట్టినవి, గీత గీసి లోడ్ పెట్టనివి ఒకేలా వస్తే స్ట్రెస్‌కి పాత్ర లేదు, గీతే దోషి. లాగుడు ముఖం, నొక్కుడు ముఖం ఒకేలా ఉండి, స్ట్రెస్ లేని చివర్లు కూడా అలాగే ఉంటే పై లెక్క చెప్పింది నిజమే. గీత లేని దారంలో లాగుడు ముఖానికి ఎక్కువ వచ్చిందా, అప్పుడు ఆసక్తికరం, కానీ సంబరపడే ముందు ఒక పని చేయండి: లాగుడులో కంటికి కనబడని పాత పగుళ్ళు కొంచెం తెరుచుకుంటాయి, తెరుచుకున్న పగులు కొత్త ఉపరితలం, క్రిస్టల్ అక్కడ మొదలవ్వడం తేలిక. దీన్ని పట్టుకోవాలంటే లోడ్ దశ అయ్యాక, 800కి పోకముందు, కొన్ని దారాల్ని బాగా పలచని హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో పైపొర తీసి చూస్తారు. డిగ్రీ కాలేజీలో ఆ ఆసిడ్ ముట్టనేవద్దు, ఎముక దాకా పోతుంది. దానికి బదులు లోడ్ దశ అయిన దారాన్ని మంటలో ఒక్క క్షణం ఆడించి పైపొర నునుపు చేయండి, దాన్ని ఫైర్ పాలిష్ అంటారు. ఆ తర్వాత కూడా లాగుడు ముఖంలో ఎక్కువ వస్తే మీ గైడ్‌ని లేపి మరీ చూపించొచ్చు. తేడా మాయమైతే అది పగుళ్ళ పని, ఫైర్ పాలిష్ వేడికి కొంత స్ట్రెస్ కూడా సడలి ఉంటుందని ఒక వాక్యం చేర్చండి.

వేగంగా తీసినవి, మెల్లగా తీసినవి మధ్య తేడా వస్తే దాన్ని కూడా స్ట్రెస్ ఖాతాలో వేయకండి. సన్న దారం గాలిలో చాలా వేగంగా చల్లారుతుంది కాబట్టి ద్రవంలో ఉన్న అమరిక అలాగే బిగుసుకుపోతుంది. తర్వాత ట్రాన్సిషన్ కంటే కిందనే వేడి చేసినా దారం కొద్దిగా కుంచించుకుంటుంది, స్ట్రెస్ లేకపోయినా. అందుకే 540 గుంపు పెట్టమన్నది.

ఫైబర్‌గ్లాస్ ఫ్యాక్టరీ సంగతి అడుగుతారు వైవాలో. అక్కడ ఈ-గ్లాస్‌ని (ఫైబర్‌గ్లాస్‌కి వాడే గాజు రకం) ప్లాటినం రోడియం బుషింగ్, అంటే అడుగున చిల్లులున్న తొట్టి, చిల్లుల్లోంచి లాగుతారు, దారం చిల్లు దాటాక చల్లారడం ఎంత వేగం అంటే క్రిస్టల్‌కి టైమే ఉండదు. గొడవ వచ్చేది బుషింగ్ లోపల, కరిగిన గాజు కదలకుండా నిలబడి కాస్త చల్లబడే మూలల్లో, అక్కడ పెరిగిన క్రిస్టల్ చిల్లు దగ్గరకి కొట్టుకొచ్చిందంటే దారం పుటుక్కున తెగుతుంది. అంటే లాగుడు వల్ల క్రిస్టల్ కాదు, క్రిస్టల్ వల్ల లాగుడు తెగడం. ఈ ప్రశ్నకి తయారుగా వెళ్ళండి.

పని అయ్యాక బల్ల మీద మిగిలిన దారం తునకల్ని చేత్తో తుడవకండి, గుడ్డతో కూడా వద్దు, గుచ్చుకుంటే వెతికి తీయడం నరకం. వెడల్పాటి సెల్లోటేపు అంటించి ఎత్తండి, ఆ టేపుని గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత పెట్టి, మీద "గాజు" అని రాసి ల్యాబ్ అటెండర్‌కి చెప్పి పారేయండి, మామూలు చెత్తబుట్టలో వేస్తే పొద్దున్నే ఊడ్చే ఆవిడ చేతికి గుచ్చుకుంటుంది.